చదరంగము తెరచిన తలుపు
ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి క్లబ్బుల చరిత్ర, మనకు దాని పాఠము

శతాబ్ది సంచికలలో సాధారణముగా దేవాలయముల పునాదులను గూర్చియు, బిషప్పుల పరిపాలనను గూర్చియు, ఆసుపత్రులను, పాఠశాలలను గూర్చియు వ్రాయుదురు. అది న్యాయమే. అయితే పాఠశాల చరిత్ర అనగానే మనకు జ్ఞాపకము వచ్చునవి భవనము, ప్రధానోపాధ్యాయుల పటములు, పరీక్షా ఫలితములు మాత్రమే. సాయంకాలము చివరి గంట కొట్టిన తరువాత అదే గదిలో పిల్లలు తమంతట తాము కూడుకొని ఏమి మాటలాడుకొనిరో, ఏ నాటకము వేసిరో, ఎవరిని కార్యదర్శిగా ఎన్నుకొనిరో ఎవరును వ్రాసిపెట్టరు. మేము ఈ వ్యాసములో ఆ చివరి గంట తరువాతి చరిత్రనే తీసికొనుచున్నాము.

అమెరికా దేశములో నెబ్రాస్కా రాష్ట్రమందలి ఒమాహా నగరములో వెస్ట్‌సైడ్ హైస్కూలు అను ప్రభుత్వ పాఠశాల కలదు. అందులోని భాషా క్లబ్బు, నాటక క్లబ్బు, వ్యాపార క్లబ్బుల ప్రక్కన ఒక బైబిలు క్లబ్బుకు చోటు కలదా, లేదా అను ప్రశ్న 1985లో పుట్టి, అయిదేండ్లు నడచి, ఆ దేశపు సుప్రీంకోర్టు వరకు పోయెను. ఆ తీర్పు మన దేశమునకు వర్తించదు. కాని ఆ తీర్పు వెనుకనున్న ప్రశ్న మన పాఠశాలలనుకూడ అడుగుచున్నది. కనుక సంఘస్థులైన మీరు కొంచెము ఓపికతో ఈ కథను వినవలెనని కోరుచున్నాము.

విద్యార్థుల సమాజములు మనకు క్రొత్త కావు

మన ప్రాంతములో క్లబ్బు అనగానే పేకాట జ్ఞాపకము వచ్చును. ఇచ్చట మేము చెప్పు క్లబ్బు అది కాదు. ఒకే విషయమునందు ఇష్టముగల విద్యార్థులు తరగతి లేని వేళలో కూడుకొని, తమ నాయకులను తామే ఎన్నుకొని, నెలకు కొంత చందా వేసికొని నడుపుకొను చిన్న సమాజమని అర్థము.

మన తెలుగువారికి దీని విలువ బాగుగా తెలియును. 1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి నాటకములాడి వెళ్ళిరి. అప్పుడచ్చట తెలుగు పండితులుగా నుండిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులను కూర్చి ‘వ్యవహార ధర్మబోధిని’ అను ప్రహసనమును, షేక్స్‌పియరు నాటకమునకు అనుసరణమైన ‘చమత్కార రత్నావళి’ని ఆడించిరి. మొదటిది ప్లీడర్ల మోసములను బయటపెట్టునది. తెలుగు నాటకము రంగస్థలమెక్కుటకు ఈ విద్యార్థులే కారకులైరి. వృత్తి నటులుగాని, జమీందారుల కొలువుగాని మొదట ఆ పని చేయలేదు. పంతులుగారి జన్మదినమైన ఏప్రిల్ 16వ తేదీని నేడు తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. బడిపిల్లలు సాయంకాలము చేయు పని ఎంతదూరము పోవునో చెప్పుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

యౌవనస్థుల సమాజములకు సంఘముతో కూడ పాత సంబంధము కలదు. 1881 ఫిబ్రవరి 2న మెయిన్ రాష్ట్రమందలి పోర్ట్‌లండ్ పట్టణములో ఫ్రాన్సిస్ క్లార్క్ అను పాదిరిగారు తమ సంఘ యౌవనస్థులతో క్రిస్టియన్ ఎండీవరు సమాజమును ప్రారంభించిరి. మన పెద్దలు సి.ఇ. అని పిలుచు సమాజము ఇదే. అందులో పిల్లలే కమిటీలు నడపుదురు, పిల్లలే ప్రార్థన చేయుదురు, పిల్లలే లెక్కలు చూతురు.

ఇంకొక సంగతి చెప్పవలెను. అమెరికా పాఠశాలల క్లబ్బులలో సభ నడుపుటకు ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్’ అను పుస్తకము ఆధారము. తీర్మానము ఎట్లు ప్రవేశపెట్టవలెను, బలపరచువారు ఎవరు, సవరణ ఎప్పుడు తేవలెను, ఓటు ఎట్లు తీయవలెను అను నియమములు అందులో నున్నవి. దీనిని వ్రాసిన హెన్రీ రాబర్ట్ సైన్యములో ఇంజనీరు. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణములో ఒక బాప్తిస్టు సంఘ సభకు ఆయనను అధ్యక్షత వహించమనిరి. ఆ సభ గందరగోళమై ఆయన అదుపు తప్పిపోయెను. సభానియమములు నేర్చుకొనకుండ ఇక ఏ సభకును పోరాదని ఆయన అప్పుడు నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయము 1876లో పుస్తకమై వెలువడెను. సంఘ కమిటీ మీటింగులలో కూర్చున్న మనలో ఎవరికైనను ఆయన బాధ అర్థము కాకపోదు!

మూడు క్లబ్బులు పుట్టిన విధము

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో అమెరికా ఉన్నత పాఠశాలలలో విద్యార్థులు రహస్య సమాజములు పెట్టుకొనుచుండిరి. ధనవంతుల బిడ్డలు తమలో తాము కూడుకొని, ఎవరిని చేర్చుకొనవలెనో, ఎవరిని త్రోసివేయవలెనో చాటుగా నిర్ణయించుకొనెడివారు. ఇది చదువుకు, సమానత్వమునకు చెరుపని పలు రాష్ట్రములు వాటిని చట్టముచేత నిషేధించెను. కాని నిషేధించినంత మాత్రమున పిల్లలకు కూడుకొనవలెనను కోరిక పోదు. కనుక పాఠశాలలే అందరికి తెలియునట్లు, ఉపాధ్యాయుని కనుసన్నలలో క్లబ్బులను ప్రోత్సహింప మొదలుపెట్టెను. 1918లో జాతీయ విద్యా సంఘము నియమించిన కమిషన్ ఉన్నత పాఠశాల విద్యకు ఏడు గమ్యములను ప్రకటించెను. వాటిలో వృత్తి, పౌరసత్వము, తీరిక వేళల సద్వినియోగము, సచ్ఛీలము కూడ నుండెను. పుస్తకముల పాఠములచేతనే ఇవి రావని అందరు ఒప్పుకొనిరి.

నాటక క్లబ్బులను కలుపుటకు 1929లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రమందలి ఫెయిర్‌మాంట్‌లో నేషనల్ థెస్పియన్స్ అను సంస్థ పుట్టెను. గ్రీకులలో మొదటి నటుడని చెప్పబడు థెస్పిస్ పేరు దానికి పెట్టిరి. ఇందులో సభ్యత్వము అందముచేతగాని, కంఠముచేతగాని రాదు, చేసిన పనిచేత వచ్చును. తెర లాగినవాడు, దీపములు చూచినవాడు, దుస్తులు కుట్టిన అమ్మాయి కూడ తమ పని గంటలనుబట్టి సభ్యులు కాగలరు.

భాషా క్లబ్బులలో లాటిన్ నేర్చుకొను పిల్లలకొరకు 1936లో జూనియర్ క్లాసికల్ లీగ్ ఏర్పడెను. దాని మొదటి జాతీయ మహాసభ 1954లో టెక్సాస్ రాష్ట్రములోని సాన్ ఆంటోనియోలో జరిగెను. ఎవరును మాటలాడని భాషకు కూడ పిల్లలు ప్రీతితో పాటలు, ఆటలు, పోటీలు కల్పించుకొనిరి. హెబ్రీ, గ్రీకు వ్యాకరణములతో వేదాంత కళాశాలలో రాత్రులు గడపిన మావంటివారికి ఆ పిల్లలను చూచిన అసూయ కలుగును.

వ్యాపార క్లబ్బుల ఊహ 1937లో కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలోని హామ్డెన్ ఫార్క్‌నర్ అను ఆచార్యునికి కలిగెను. ఊరూర వేరువేరుగా నున్న వాణిజ్య విద్యార్థుల క్లబ్బులను ఒక్కటిగా చేయవలెనని ఆయన తలచెను. ఫ్యూచర్ బిజినెస్ లీడర్స్ ఆఫ్ అమెరికా అను పేరుతో దాని మొదటి శాఖ 1942 ఫిబ్రవరి 3న టెనెస్సీ రాష్ట్రమందలి జాన్సన్ సిటీలో ప్రారంభమాయెను. ఉదయము బడిలో చదువుకొని మధ్యాహ్నము దుకాణములలో పనిచేయు విద్యార్థులకొరకు డెకా అను మరియొక సంస్థ 1946లో ఏర్పడెను. లెక్కలు వ్రాయుట, సరకు అమ్ముట, నలుగురి యెదుట నిలువబడి మాటలాడుట, సభ నడుపుట వీటిలో పిల్లలకు పోటీలు పెట్టుదురు. ఈనాడు అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి బిడ్డలుకూడ ఈ పోటీలలో పాల్గొనుచున్నారు.

ఒక బాలిక అడిగిన ప్రశ్న

వెస్ట్‌సైడ్ హైస్కూలులో సుమారు 1,450 మంది విద్యార్థులు, దాదాపు 30 క్లబ్బులు నుండెను. లాటిన్ క్లబ్బు, నాటక బృందము, డెకా, ఫ్యూచర్ బిజినెస్ లీడర్స్ అందులోనివే. వీటితోపాటు చదరంగపు క్లబ్బు, సముద్రములో మునిగి ఈదుట నేర్చుకొనువారి క్లబ్బు, సేవా క్లబ్బులు కూడ నుండెను. గుర్తింపు పొందిన క్లబ్బుకు పాఠశాల పత్రికలో చోటు, నోటీసు బోర్డు, మైకులో ప్రకటన, సంవత్సరమునకు ఒకసారి జరుగు క్లబ్బుల ప్రదర్శనలో ఒక బల్ల లభించును.

1985 జనవరిలో బ్రిడ్జెట్ మెర్గెన్స్ అను విద్యార్థిని ప్రిన్సిపాలుగారిని కలిసికొని, ఒక క్రైస్తవ క్లబ్బు పెట్టుకొనుటకు అనుమతి అడిగెను. కలిసి బైబిలు చదువుకొనుట, చర్చించుకొనుట, సహవాసము, ప్రార్థన దాని ఉద్దేశములు. ఏ మతమువారైనను ఇష్టమైనచో చేరవచ్చును, ఎవరిని బలవంతపెట్టము అని ఆమె చెప్పెను. మిగిలిన క్లబ్బుల నిబంధనలే తమకును చాలుననియు, ఉపాధ్యాయుడు మాత్రము పోషకుడుగా నుండనక్కరలేదనియు అడిగెను. పాఠశాలవారు ఒప్పుకొనలేదు. ఉపాధ్యాయ పోషకుడు లేని క్లబ్బు నియమ విరుద్ధమనియు, ప్రభుత్వ పాఠశాలలో మత క్లబ్బు రాజ్యాంగ విరుద్ధమనియు వారు చెప్పిరి. పాఠశాల బోర్డుకూడ ఆ మాటనే ఖాయపరచెను.

పాఠశాలవారి భయమును మనము తేలికగా త్రోసివేయరాదు. 1962లో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ పాఠశాలలలో అధికారులు కూర్చిన ప్రార్థనను, 1963లో తరగతిలో నియమముగా జరుగు బైబిలు పఠనమును కొట్టివేసెను. ప్రభుత్వము ఒక మతమును స్థాపింపరాదని వారి రాజ్యాంగపు మొదటి సవరణ చెప్పుచున్నది. అయితే అదే సవరణ వాక్స్వాతంత్ర్యమును, మతస్వాతంత్ర్యమునుకూడ ఇచ్చుచున్నది. ఈ రెండింటి నడుమ గీత ఎచ్చట గీయవలెను? 1981లో మిస్సోరి విశ్వవిద్యాలయపు వ్యాజ్యెములో, ఇతర విద్యార్థి సమాజములకు గదులిచ్చు విశ్వవిద్యాలయము మత సమాజమునకు మాత్రము లేదనరాదని కోర్టు తీర్పు చెప్పెను. ఆ సూత్రమునే ఉన్నత పాఠశాలలకు వర్తింపజేయుటకు 1984 ఆగస్టు 11న సమాన ప్రవేశ చట్టము అమలులోనికి వచ్చెను.

చదరంగము ఎందుకు ముఖ్యమాయెను?

ఆ చట్టము చెప్పునదేమనగా: ప్రభుత్వ ధనసహాయము పొందు ఉన్నత పాఠశాల పాఠ్యక్రమముతో సంబంధము లేని ఒక్క క్లబ్బుకైనను చోటిచ్చినయెడల, మతమునుబట్టిగాని, రాజకీయమునుబట్టిగాని, అభిప్రాయమునుబట్టిగాని మరియొక క్లబ్బును త్రోసివేయరాదు. కనుక వ్యాజ్యెమంతయు ఒక్క ప్రశ్నమీద నిలిచెను. వెస్ట్‌సైడ్‌లోని ముప్పది క్లబ్బులలో పాఠ్యక్రమముతో సంబంధము లేనిది ఏదైన కలదా?

పాఠశాలవారు అన్నియు సంబంధించినవే యని వాదించిరి. చదరంగము బుద్ధిని పదును పెట్టును గనుక అది గణితమునకు సంబంధించినదే యనిరి. 1988లో క్రింది కోర్టు వారి వాదమును అంగీకరించెను. 1989లో అప్పీలు కోర్టు దానిని త్రిప్పివేసెను. 1990 జూన్ 4న సుప్రీంకోర్టు ఎనిమిదిమంది న్యాయమూర్తుల అంగీకారముతో, ఒక్కరి అసమ్మతితో, విద్యార్థుల పక్షమున తీర్పునిచ్చెను. ప్రధానాభిప్రాయమును జస్టిస్ సాండ్రా డే ఓకానర్ వ్రాసిరి.

ఆమె కొలమానము సులభమైనది. క్లబ్బు విషయము తరగతిలో నిజముగా బోధింపబడుచున్నదా? పాఠ్యక్రమమంతటికి సంబంధించినదా? ఒక తరగతిలోనివారు అందులో తప్పక చేరవలెనా? చేరినందుకు మార్కులు వచ్చునా? వీటిలో ఒక్కటైన అవునన్నచో అది పాఠ్యక్రమ క్లబ్బు. ఫ్రెంచి భాష బోధించు పాఠశాలలో ఫ్రెంచి క్లబ్బు అట్టిదే. చదరంగము మాత్రము ఏ తరగతిలోను బోధింపబడుట లేదు. బుద్ధికి మేలు చేయునను మాటతో చదరంగమును పాఠ్యక్రమములో చేర్చినయెడల, లోకములో చేర్చలేనిది ఏదియు నుండదు, చట్టము వట్టి కాగితమగును. ఈ విధముగా చదరంగమాడు పిల్లలును, నీటిలో మునుగు పిల్లలును తమకు తెలియకుండనే ప్రార్థించు పిల్లలకు తలుపు తెరచిరి.

ప్రభుత్వము మతమును బలపరచుట వేరు, ప్రజలు తమంతట తాము మతమును గూర్చి మాటలాడుట వేరు. ఉన్నత పాఠశాల పిల్లలు ఈ భేదమును గ్రహింపగల వయస్సువారేయని న్యాయమూర్తులు నమ్మిరి. అయితే జస్టిస్ థర్గుడ్ మార్షల్ తీర్పుతో ఏకీభవించుచునే, పాఠశాల ఆ మతమును తాను బలపరచుట లేదని స్పష్టముగా తెలుపవలెనని హెచ్చరించిరి. ఈ హెచ్చరిక మనము మరువదగినది కాదు.

చట్టములో నిబంధనలు కూడ గలవు. క్లబ్బు విద్యార్థులే స్వేచ్ఛగా ప్రారంభింపవలెను. తరగతులు లేని వేళలోనే కూడవలెను. మత సంబంధమైన కూటములో ఉపాధ్యాయుడు కూర్చుండవచ్చును గాని పాల్గొనరాదు. బయటివారు దానిని నడుపరాదు, నియమముగా రాకూడదు. అనగా పాదిరిగారు కూడ వచ్చి నడుపరాదు! ఇది మొదట మాకు కఠినముగా తోచినది. ఆలోచించినకొలది అందులోని మేలు కనబడెను. పెద్దలు తోయకుండ పిల్లలు బైబిలు తెరచినయెడల ఆ తెరచుట వారిదే యగును.

అదే తలుపు, ఇతరులకును

ఇంతవరకు విని సంతోషించి లేచిపోవుట సులభము. కాని చరిత్ర అచ్చట ఆగలేదు. చట్టము మతమును మాత్రమే పేర్కొనలేదు, ఏ అభిప్రాయమునైనను అని చెప్పెను. కనుక 1996లో యూటా రాష్ట్రములోని సాల్ట్ లేక్ సిటీలో ఈస్ట్ హైస్కూలు విద్యార్థులు కొందరు స్వలింగాసక్తులైన తోటి విద్యార్థులకు అండగా ఒక క్లబ్బు కావలెనని అదే చట్టము క్రింద అడిగిరి. వారిని కాదనుటకు వేరు మార్గము లేక, ఆ నగర పాఠశాలల బోర్డు పాఠ్యక్రమమునకు సంబంధము లేని క్లబ్బులన్నింటిని మూసివేసెను. ఒకరిని బయట నుంచుటకొరకు అందరిని బయటికి పంపివేసిరి. 2000వ సంవత్సరములో గాని ఆ తలుపులు మరల తెరువబడలేదు.

ఆ క్లబ్బును గూర్చి మన సంఘములలో అభిప్రాయభేదములుండవచ్చును. దానిని ఇచ్చట తర్కించుట మా ఉద్దేశము కాదు. మేము చూపదలచినది ఇదియే: మనకు న్యాయము చేసిన చట్టము మనతో ఏకీభవింపనివానికి కూడ న్యాయము చేయును. చేయనియెడల అది న్యాయము కాదు, మనకు దొరికిన మేలు మాత్రమే. కొండమీది ప్రసంగములోని సువర్ణ నియమమును బాల్యమునుండి కంఠస్థము చేసిన మనకు ఇది క్రొత్త బోధ కారాదు.

మన పాఠశాలల మాట

ఒమాహాలో క్రైస్తవ బాలిక అడుగునది, పాఠశాల ఇచ్చునది. మన మిషను ఉన్నత పాఠశాలలలో స్థానములు తారుమారైనవి. ఇచ్చట పాఠశాల మనది, అడుగు బిడ్డ అన్యమతస్థుల బిడ్డ కావచ్చును. భారత రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కునిచ్చుచున్నది. 28వ అధికరణము, ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందు పాఠశాలలో ఎవరిని వారి సమ్మతి లేకుండ, పిల్లలైనచో సంరక్షకుల సమ్మతి లేకుండ, మత బోధకుగాని ఆరాధనకుగాని రప్పింపరాదని చెప్పుచున్నది. ఒకటి మన హక్కు, రెండవది మన పొరుగువాని హక్కు. మొదటిదానిని గూర్చి మనము సభలలో గట్టిగా మాటలాడుదుము. రెండవదానిని గూర్చి అంత గట్టిగా మాటలాడుచున్నామా?

చట్టమునకు లోబడియుండుట చాలదు. మన పాఠశాలలోని తెలుగు సాహితీ సమాజమునకు కార్యదర్శిగా ఎవరి బిడ్డయైనను నిలువగలడా? క్రిస్మసు నాటకములో పాత్ర కోరని బిడ్డకు వార్షికోత్సవ నాటకములో పాత్ర దొరకునా? రంగముమీద మాటలాడలేని బిడ్డకు తెర లాగు పనియైన ఇచ్చి, సభ్యుడని పిలుచుచున్నామా? కూలివారి బిడ్డలు లెక్క వ్రాయుట, సరకు కొనుట, నలుగురియెదుట తీర్మానము చదువుట నేర్చుకొనుటకు ఒక చిన్న సహకార దుకాణమైనను పాఠశాలలో కలదా? ఇవి ఖర్చుగల పనులు కావు. ఒక గది, వారమునకొక గంట, వెనుక బల్లమీద మౌనముగా కూర్చుండగల ఒక ఉపాధ్యాయుడు చాలును. ఈ మూడవది దొరకుటయే కష్టము.

పరీక్షల ఒత్తిడివలన సాయంకాలపు గంట అంతయు ట్యూషనులకు పోవుచున్నదని తలిదండ్రులు చెప్పుదురు. ఆ కష్టము నిజమే. కాని మన బిడ్డలు రేపు పంచాయతీలో, బ్యాంకులో, సంఘ కమిటీలో కూర్చున్నప్పుడు వారికి అక్కరకు వచ్చునది మార్కుల పట్టిక ఒక్కటే కాదు. తన మాట చెప్పుట, ఎదుటివాని మాట వినుట, ఓడినప్పుడు ఓటును గౌరవించుట కూడ వారికి రావలెను. వీటిని తరగతిలో పాఠముగా చెప్పినందున రావు, చేసి నేర్చుకొనవలసినదే.

నూరేండ్ల క్రిందట మన పూర్వికులు పాఠశాలలు కట్టినప్పుడు, ఊరిలో చదువు నిరాకరింపబడిన బిడ్డలకు తలుపు తెరచిరి. తలుపు బయట నిలిచియుండుట ఎట్లుండునో మన తాతలకు తెలియును. లోపల నున్న మనము దానిని మరువకూడదు. ఈ శతాబ్ది సంవత్సరములో మన ప్రతి ఉన్నత పాఠశాల పాలకవర్గమువారు ఒక్కసారి కూర్చుండి, తమ పాఠశాలలో ఏ ఏ విద్యార్థి సమాజములు నడచుచున్నవో, వాటిలో ఎవరు లోపల నున్నారో, ఎవరు వెలుపల నున్నారో లెక్క చూచుకొనవలెనని మేము మనవి చేయుచున్నాము.